ది మప్పెట్ షో: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ బొమ్మల కామెడీ గురించి కొత్తగా చూస్తున్నవాళ్ళు అడిగేవి కొన్ని, పాత అభిమానులు ఇప్పటికీ తెగ్గొట్టకుండా వాదించుకునేవి కొన్ని ఇక్కడ ఒకచోట పెట్టాం. వాదన ఉన్నచోట మా పక్షం ఏమిటో దాచుకోలేదు.

అసలు ఇది ఏం షో? కథ ఏమిటి?

ఒక పాత నాటకశాల. ప్రతి వారం అక్కడ ఒక వెరైటీ షో వేయాలి. పాటలు, డాన్సులు, చిన్న చిన్న స్కిట్లు, పేరున్న అతిథి ఒకరు. నడిపించే మేనేజర్ కెర్మిట్ అనే కప్ప. అతని కింద పనిచేసే బృందంలో ఎవరికీ పని సరిగ్గా రాదు, రాదన్న సంగతి వాళ్ళకి తెలియదు కూడా. ఫాజీ అనే ఎలుగుబంటి జోకులు చెబుతాడు, ఎవరూ నవ్వరు. గాంజో అనే వింత ప్రాణి సంగీతానికి తగ్గట్టు రబ్బరు టైరు నమిలి తినడం గొప్ప కళ అనుకుంటాడు. డ్రమ్ములు వాయించే యానిమల్‌ని గొలుసుతో కట్టి ఉంచాలి. హీరోయిన్ మిస్ పిగ్గీ ఒక పంది. చిన్నా చితకా పనులు చేసే స్కూటర్‌కి ఆ ఉద్యోగం ఎలా వచ్చిందంటే, థియేటర్ ఓనర్ వాళ్ళ అంకుల్. కెర్మిట్ కాదనలేడు కదా.

స్టేజీ మీద కనిపించేది సగం షోనే. మిగతా సగం తెర వెనక నడుస్తుంది: ఎవరో అలుగుతారు, ఏదో పేలుతుంది, తర్వాతి ఐటమ్ చేయాల్సినవాడు కనిపించడు, అతిథికి టెన్షన్. నన్నడిగితే అసలు కామెడీ అంతా అక్కడే ఉంది. స్కిట్ బాగా లేకపోయినా పర్వాలేదు, అది పాడయ్యే తీరు చూడటానికే మనం కూర్చుంటాం. ఇది పట్టుకోనివాళ్ళు మొదటి ఎపిసోడ్ చూసి "జోకులు మరీ పాతవి" అని లేచిపోతారు. అవి కావాలనే పాత జోకులు.

1976 నుంచి 1981 దాకా 5 సీజన్లు, ఒక్కోదానిలో 24 చొప్పున మొత్తం 120 ఎపిసోడ్లు వచ్చాయి.

పిల్లల షోనా, పెద్దల షోనా?

పెద్దలు కూర్చుని చూడాలనే తీశారు, పిల్లలు పక్కన చేరారు. సృష్టికర్త జిమ్ హెన్సన్‌కి ఈ విషయంలో పెద్ద బెంగే ఉండేది. ఆయన బొమ్మలతో 1969లో మొదలైన పిల్లల షో సెసమీ స్ట్రీట్ సూపర్ హిట్ అయ్యాక, బొమ్మలాడించేవాడు అంటే పిల్లలవాడు అన్న ముద్ర పడిపోయింది. ఆ ముద్ర చెరిపెయ్యాలని 1975లో తీసిన ప్రయోగాత్మక ఎపిసోడ్‌కి ఏకంగా "సెక్స్ అండ్ వయొలెన్స్" అని పేరు పెట్టాడు. పేరు చూసి కంగారు పడకండి. అందులో ఆ రెండిటి మీద వెటకారమే తప్ప ఇంకేం లేదు.

షోలో శామ్ అనే గద్ద ఒకడున్నాడు. సంస్కృతి, విలువలు, మర్యాద అంటూ ఎప్పుడూ ముఖం ముడుచుకుని ఉంటాడు. బొమ్మల షో అంటే పిల్లలకి నీతులు చెప్పాలి అనేవాళ్ళందరికీ హెన్సన్ బృందం ఇచ్చిన జవాబు వాడే.

ఇంట్లో చిన్నపిల్లలకి చూపించవచ్చా అంటే, చాలావరకు చూపించవచ్చు. కొన్ని స్కిట్లలో రాక్షస బొమ్మలు చిన్నవాటిని గుటుక్కున మింగేస్తాయి, బాంబులు పేలతాయి. ఐదేళ్ళ లోపు వాళ్ళతో అయితే పక్కన కూర్చోండి.

సెసమీ స్ట్రీట్, ఇదీ ఒకటేనా?

కాదు. కెర్మిట్ రెండిటిలోనూ కనిపిస్తాడు కాబట్టి ఈ గందరగోళం. సెసమీ స్ట్రీట్ బడికి వెళ్ళకముందు వయసు పిల్లలకి అక్షరాలు, అంకెలు నేర్పే కార్యక్రమం. హిందీలో 2006లో మొదలైన "గలీ గలీ సిమ్ సిమ్" దాని భారతీయ రూపమే. చమ్కీ, బూంబా గుర్తున్నవాళ్ళు ఇక్కడ చాలామంది ఉంటారు. ఇప్పుడు యజమానులు కూడా వేరు. కెర్మిట్ బృందం 2004 నుంచి డిస్నీ చేతిలో ఉంది, సెసమీ పాత్రలు సెసమీ వర్క్‌షాప్ అనే లాభాపేక్ష లేని సంస్థవి.

అమెరికా వాళ్ళ షోని ఇంగ్లండ్‌లో ఎందుకు తీశారు?

అమెరికాలో పెద్ద నెట్‌వర్కులు ఒక్కటీ తీసుకోలేదు కాబట్టి. 1974, 1975లో రెండు ప్రయోగాత్మక కార్యక్రమాలు ప్రసారమైనా, సాయంత్రం వేళ పెద్దలు బొమ్మల్ని చూస్తారన్న నమ్మకం ఎవరికీ కుదరలేదు. అప్పుడు బ్రిటన్‌లో ఏటీవీ అనే టీవీ సంస్థ నడిపే ల్యూ గ్రేడ్ అనే నిర్మాత ముందుకొచ్చాడు. లండన్‌కి ఉత్తరాన బోరమ్‌వుడ్‌లో ఉన్న తన ఎల్‌స్ట్రీ స్టూడియో ఇచ్చాడు, డబ్బు పెట్టాడు, తీసిన వాటిని దేశదేశాలకీ అమ్మాడు. 100కి పైగా దేశాల్లో ఆడింది. అమెరికాలో కూడా నెట్‌వర్క్ ద్వారా కాకుండా స్టేషన్లకి విడివిడిగా అమ్మితేనే వెళ్ళింది. వద్దన్న దేశంలోనే 1978లో టీవీ కార్యక్రమాలకిచ్చే ఎమ్మీ అవార్డు గెలిచింది. ఆ స్టూడియో ఆవరణ తర్వాత బీబీసీ చేతికి వెళ్ళింది.

కొన్ని ఎపిసోడ్లలో ఒక పాట ఎక్కువ ఉంటుందేం?

బ్రిటన్‌లో ప్రకటనలు తక్కువ, అమెరికాలో ఎక్కువ. అరగంట స్లాట్‌లో బ్రిటన్ వాళ్ళకి సుమారు 2 నిమిషాలు మిగిలేవి. దాన్ని నింపడానికి ఒక అదనపు పాట తీసేవారు. పాత అభిమానులు వీటి కోసం పడిచస్తారు. ఎక్కువగా రోల్ఫ్ అనే కుక్క పియానో దగ్గర కూర్చుని పాడినవో, ఎవరూ పట్టించుకోని చిన్న బొమ్మలు పాడినవో ఉంటాయి. తొందర లేని పాటలు. నాకైతే కొన్ని ఎపిసోడ్లలో అవే బాగుంటాయి.

కెర్మిట్‌ని ఎవరు, ఎప్పుడు తయారుచేశారు?

1955లో, హెన్సన్ తన 18వ ఏట. వాషింగ్టన్‌లోని ఒక టీవీ స్టేషన్‌లో "శామ్ అండ్ ఫ్రెండ్స్" అనే ఐదు నిమిషాల షో కోసం. అమ్మ పక్కన పడేసిన పాత ఆకుపచ్చ కోటు కోసి ఒళ్ళు కుట్టాడు, పింగ్‌పాంగ్ బంతిని రెండు ముక్కలు చేసి కళ్ళు పెట్టాడు. అప్పటికింకా కప్ప కాదు, బల్లిలాంటి ఏదో ఒక ప్రాణి. కప్ప అవడం తర్వాతి ముచ్చట. ఆ షోలో హెన్సన్‌తో కలిసి బొమ్మలాడించిన జేన్ నెబెల్ తర్వాత ఆయన భార్య అయింది. ఆ మొదటి కెర్మిట్‌ని ఆమే 2010లో స్మిత్సోనియన్ మ్యూజియానికి ఇచ్చేసింది.

గమనించారో లేదో, ఇంత పేరున్న బొమ్మ లోపల దాదాపు ఏమీ ఉండదు. ఫోమ్ పుర్రె లేదు, మోటార్లు లేవు. బట్ట కింద నేరుగా మనిషి చెయ్యి. అందుకే కెర్మిట్‌కి చిరాకు వస్తే ముఖమంతా నలిగిపోతుంది. ఆ నలిగేది లోపల పిడికిలి. వేళ్ళు కొంచెం ముడిస్తే దిగులు, బొటనవేలు పక్కకి జరిపితే వెటకారం. చాలా ఖరీదైన యంత్రాల బొమ్మలు దీని ముందు తేలిపోవడానికి కారణం ఇదే.

బొమ్మల్ని ఎలా ఆడిస్తారు? మనుషులు ఎక్కడ దాక్కుంటారు?

దాక్కోరు, కింద నిలబడతారు. సెట్లన్నీ నేల నుంచి ఎత్తులో కడతారు. మనకి కనిపించే "నేల" నిజానికి ఆడించేవాళ్ళ తలల మీదుగా ఉంటుంది. వాళ్ళు చెయ్యి నిటారుగా పైకెత్తి, గంటల కొద్దీ అలాగే ఉంచి పనిచేస్తారు. సెట్ అందుకు కుదరకపోతే చక్రాల బల్లల మీద పడుకునో, సోఫా వెనక ముడుచుకునో ఆడిస్తారు.

తలలోకి కుడిచెయ్యి వెళ్తుంది. నాలుగు వేళ్ళు పై దవడ, బొటనవేలు కింది దవడ. మాట్లాడేటప్పుడు బొటనవేలు మాత్రమే కిందికి దిగాలి. కొత్తవాళ్ళు పై వేళ్ళు ఎత్తేస్తారు. అప్పుడు బొమ్మ మాట్లాడుతున్నట్టు కాకుండా ప్రతి అక్షరానికీ ఆకాశం చూస్తున్నట్టు ఉంటుంది. ఇంట్లో సాక్సు తొడుక్కుని ప్రయత్నిస్తే వెంటనే అర్థమవుతుంది.

ఇక అసలు కిటుకు: ఆడించేవాళ్ళు బొమ్మ వంక చూడరు. కింద పెట్టిన టీవీ మానిటర్ వంక చూస్తారు. ప్రేక్షకులకి ఏ ఫ్రేమ్ కనిపిస్తుందో వాళ్ళకీ అదే. అంటే నటిస్తున్నవాడే తన నటనని అదే క్షణంలో చూసుకుంటూ దిద్దుకుంటున్నాడు. ఈ వెసులుబాటు మామూలు నటులకి లేదు. చిక్కేమిటంటే మానిటర్ అద్దంలా ఉండదు. బొమ్మని తెర మీద కుడివైపుకి నడిపించాలంటే చెయ్యి తన ఎడమకి వెళ్ళాలి. అలవాటు పడటానికి చాలాకాలం పడుతుంది.

పాత బొమ్మల ప్రదర్శనల్లో చుట్టూ చిన్న స్టేజీ, తెరలు ఉండేవి. హెన్సన్ వాటిని తీసేశాడు. టీవీ ఫ్రేమే స్టేజీ అన్నాడు. దాంతో బొమ్మ కెమెరా దగ్గరికి రాగలిగింది, క్లోజప్‌లో కళ్ళు చూపించగలిగింది. కళ్ళ సంగతి వచ్చింది కాబట్టి డాన్ శాలిన్ పేరు చెప్పకపోతే తప్పు. తొలినాళ్ళ బొమ్మల్లో చాలావాటిని తయారుచేసింది ఆయనే. కళ్ళు, ముక్కు మధ్య దూరం ఎంత ఉంటే బొమ్మ మనల్నే చూస్తున్నట్టు అనిపిస్తుందో ఆయనకి తెలుసు. కళ్ళు అతికించడం ఎప్పుడూ చివరి పని, అది కూడా హెన్సన్ ఎదురుగా ఉన్నప్పుడు. శాలిన్ 1978లో పోయాడు.

అన్ని బొమ్మలూ ఎడమచేతివాటమేనా?

దాదాపుగా. ఆడించేవాళ్ళ కుడిచెయ్యి తలలో ఉంది కదా, బొమ్మ చేతిని కదిపే పని ఎడమచేతి మీద పడుతుంది. కెర్మిట్, పిగ్గీ లాంటివాళ్ళ చేతులకి సన్నటి కడ్డీలుంటాయి. జాగ్రత్తగా చూస్తే కనిపిస్తాయి, చూడకుండా ఉంటేనే హాయి. రోల్ఫ్, షోలో బ్యాండ్ నడిపే డాక్టర్ టీత్ లాంటివాళ్ళకి నిజం చేతి తొడుగులుంటాయి. అప్పుడు కుడిచేతికి ఇంకో మనిషి కావాలి. ఒక కుక్క పియానో వాయిస్తుంటే కింద ఇద్దరు ఒకరినొకరు అంటిపెట్టుకుని నిలబడి ఉంటారన్నమాట.

స్వీడిష్ షెఫ్ చేతులు నిజం చేతులేనా?

అవును. వంటవాడి వేషంలో ఉండే ఈ బొమ్మకి తల, గొంతు హెన్సన్‌వి. రెండు చేతులూ ఆయనతో కలిసి బొమ్మలాడించే ఫ్రాంక్ ఓజ్‌వి. బొమ్మకి మనిషి చేతులేమిటని మొదట్లో ఎబ్బెట్టుగా ఉంటుంది, రెండో స్కిట్‌కి మర్చిపోతాం. ఓజ్‌కి ఒక దురలవాటు ఉంది. స్క్రిప్ట్‌లో లేని పని ఏదో ఒకటి చేతులతో చేసేవాడు. దాన్ని తల ఎలాగోలా సర్దుకోవాలి. ఆ అర్థంపర్థం లేని "స్వీడిష్" గొణుగుడులో సగం నవ్వు అక్కడిదే: తన చేతులు ఏం చేయబోతున్నాయో వంటవాడికే తెలియదు.

పిగ్గీ అంత పెద్ద స్టార్ ఎలా అయింది?

ఎవరూ అనుకోలేదు. 1974లో బానీ ఎరిక్సన్ తయారుచేసిన మామూలు పంది బొమ్మ, మొదటి సీజన్‌లో గుంపులో పాడేది. ఓజ్ ఒకసారి, రిచర్డ్ హంట్ ఒకసారి, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు ఆడించేవారు. ఒక రిహార్సల్‌లో కెర్మిట్‌ని చెంపదెబ్బ కొట్టాల్సిన చోట ఓజ్ చెయ్యి గాల్లోకి లేచి కరాటే దెబ్బ వేసింది. అందరూ పడిపడి నవ్వారు. ఆ ఒక్క దెబ్బతో పాత్ర దొరికింది: ఎంత వయ్యారం ఒలకబోసినా ముక్కు మీదే కోపం.

ఓజ్ ఆవిడకి తెరమీద ఎప్పుడూ చెప్పని గతం ఒకటి ఊహించుకున్నాడు. పల్లెటూరి పొలాల్లో పెరిగింది, తండ్రి ట్రాక్టర్ ప్రమాదంలో పోయాడు, బతుకుతెరువు కోసం అందాల పోటీలకి వెళ్ళింది. ఇది తెలిశాక పాత ఎపిసోడ్లు మళ్ళీ చూడండి. ఫ్రెంచి మాటలు తప్పుగా వాడటం, ప్రతి ఫ్రేమ్‌లో ముందుకి తోసుకురావడం, కెర్మిట్ కాదంటే ఒక్క క్షణం ముఖం వాడిపోవడం, అన్నీ వేరేగా కనిపిస్తాయి. కొందరు ఆవిడని గయ్యాళి అని కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. ఆ థియేటర్‌లో తనకేం కావాలో తెలిసిన ఏకైక ప్రాణి ఆవిడే.

కెర్మిట్, పిగ్గీలకి పెళ్ళయిందా, కాలేదా?

అయిందని పిగ్గీ, కాలేదని కెర్మిట్. 1984 నాటి మప్పెట్ సినిమా చివర్లో నాటకంలో భాగంగా పెళ్ళి సీన్ ఉంటుంది. పురోహితుడి వేషంలో గాంజో ఉండాల్సిన చోట నిజం పురోహితుడు వచ్చి నిలబడతాడు. అది నటనే అని కప్ప వాదన. 2015లో కొత్త సిరీస్ ముందు ఇద్దరూ విడిపోయామని ప్రకటించారు. పెళ్ళే కాలేదన్నవాడు విడిపోవడమేమిటని పిగ్గీ పక్షం వాళ్ళ ప్రశ్న. ఇది తేలేది కాదు.

బాల్కనీలో కూర్చునే ఆ ఇద్దరు ముసలాళ్ళు అంత తిట్టుకుంటూ ప్రతి వారం ఎందుకొస్తారు?

స్టాట్లర్, వాల్డార్ఫ్. న్యూయార్క్‌లోని రెండు హోటళ్ళ పేర్లు వాళ్ళవి. రిచర్డ్ హంట్, హెన్సన్ ఆడించారు. మగపెళ్ళివారిలా ప్రతిదానికీ వంక పెడతారు, ఒక్క పూట కూడా భోజనం మానరు. ఎందుకొస్తారని షోలోనే చాలాసార్లు ఒకరినొకరు అడుక్కుంటారు, జవాబు దొరకదు.

రచన పరంగా చూస్తే వాళ్ళు ఉండటం చాలా తెలివైన పని. ఒక స్కిట్ పేలవంగా ఉంటే మనం అనుకునే మాట వాళ్ళే ముందు అనేస్తారు. తిట్టే అవకాశం మనకి మిగలదు. రెండో సీజన్ నుంచి ప్రధాన రచయితగా ఉన్న జెర్రీ జూల్ ఈ ఆయుధాన్ని బాగా వాడుకున్నాడు.

ఫాజీ జోకులకి నవ్వు రావడం లేదు. నాలోనే లోపమా?

లేదు, రాకూడదు. నవ్వు జోకులో లేదు, జోకు పడిపోయాక ఆ ఎలుగుబంటి ముఖంలో ఉంది. ఫాజీ భయం ఎలాంటిదో చూడాలంటే రెండో సీజన్‌లో ఎడ్గర్ బెర్గెన్ వచ్చిన ఎపిసోడ్ చూడండి. బెర్గెన్ అమెరికాలో పేరుమోసిన వెంట్రిలాక్విస్ట్ (పెదవులు కదపకుండా ఒళ్ళో బొమ్మకి గొంతిచ్చే కళాకారుడు), హెన్సన్ చిన్నప్పటి నుంచి ఆరాధించిన మనిషి. ఆయన్ని చూసి ఫాజీ కూడా ఒక బొమ్మని ఒళ్ళో పెట్టుకుని స్టేజీ ఎక్కుతాడు. బొమ్మ మాట్లాడదు. గొంతు తనే ఇవ్వాలని ఫాజీకి తెలియదు. చేతి బొమ్మ ఒకటి చెక్క బొమ్మ మాట్లాడటం కోసం ఎదురుచూస్తూ నిలబడుతుంది. మొత్తం 120 ఎపిసోడ్లలో ఇంతకంటే తెలివైన జోకు నాకు తట్టదు. 1978లో బెర్గెన్ పోయారు. మరుసటి ఏడు వచ్చిన మొదటి మప్పెట్ సినిమాని ఆయనకే అంకితమిచ్చారు.

నవ్వులు వినిపిస్తాయి కదా, నిజం ప్రేక్షకులేనా?

కాదు. స్టూడియోలో ప్రేక్షకులు లేరు. హాల్లో కనిపించేవి బొమ్మలు, వినిపించేది తర్వాత కలిపిన నవ్వు. ఒకే ఒక్కచోట తేడా కనిపిస్తుంది. స్టీవ్ మార్టిన్ ఎపిసోడ్‌లో ఆ రోజు షో రద్దుచేసి కొత్త కళాకారులకి ఆడిషన్లు పెడతారు. హాలు ఖాళీ. కాబట్టి అందులో కలిపిన నవ్వులుండవు, వినిపించేవి అక్కడ పనిచేస్తున్నవాళ్ళ సొంత నవ్వులు. రుచి తేడా తెలుస్తుంది.

ఏ ఎపిసోడ్‌తో మొదలుపెట్టాలి?

వరసగా మొదటి సీజన్ నుంచి మాత్రం వద్దు. అప్పటికి బొమ్మలూ కుదురుకోలేదు, పేరున్న అతిథులూ దొరకలేదు. తెలిసినవాళ్ళని బతిమాలి తెచ్చుకునేవారు. మొదటి సీజన్‌లో చూడాల్సింది రీటా మొరీనో ఎపిసోడ్. ఆవిడ గంభీరంగా పాడుతుంటే వెనక యానిమల్ డ్రమ్ములతో పాట చెడగొడుతుంటాడు. చివరికి రెండు తాళాల (సింబల్స్) మధ్య వాడి తల ఇరికించి మోగిస్తుంది. వాడికి ఆవిడ తెగ నచ్చేస్తుంది. ఈ ఎపిసోడ్‌కి మొరీనోకి ఎమ్మీ వచ్చింది.

రెండో సీజన్‌లో రుడాల్ఫ్ నురేయెవ్ వచ్చాక పరిస్థితి తిరగబడింది. ప్రపంచంలో పేరెన్నికగన్న బ్యాలే నర్తకుడు మనిషంత పంది బొమ్మతో డాన్స్ చేశాడంటే ఇక మొహమాటం ఎవరికి? ఆ తర్వాత స్టార్లే కబురు పెట్టడం మొదలుపెట్టారు. అదే సీజన్‌లో పీటర్ సెల్లర్స్, జాన్ క్లీజ్, ఎల్టన్ జాన్. సెల్లర్స్‌ని "మీరు మీలాగే ఉండండి" అని కెర్మిట్ అంటే, తనంటూ ఎవరూ లేరని ఆయన చెప్పే జవాబు నవ్విస్తూనే ఒళ్ళు జలదరింపజేస్తుంది.

ఒక్కటే చూస్తామంటే మూడో సీజన్‌లో గాయకుడు హ్యారీ బెలఫాంటే వచ్చినది. ఆ వారం స్క్రిప్ట్ రాసేది ఫాజీ, కాబట్టి ఏం జరగాలో అదంతా జరుగుతుంది. యానిమల్‌తో డ్రమ్ముల పోటీ ఉంటుంది. చివరి పాట మాత్రం వేరే లోకం. ఆఫ్రికా ముసుగుల రూపంలో బొమ్మలు తయారుచేశారు, బెలఫాంటే వాటి మధ్య నిలబడి పాడతాడు. జోకు లేదు, పేలుడు లేదు. 1990లో హెన్సన్ సంస్మరణ సభలో ఆయన మళ్ళీ ఇదే పాట పాడాడు.

స్టార్ వార్స్ అభిమానులు నాలుగో సీజన్‌లో మార్క్ హామిల్ వచ్చినదానికి వెళ్ళిపోండి. ఆ సంవత్సరమే, అంటే 1980లో, యోడాకి ప్రాణం పోసింది కూడా ఫ్రాంక్ ఓజే. పిగ్గీ, యోడా ఒకే చెయ్యి.

అంత హిట్ అయితే ఎందుకు ఆపేశారు?

హెన్సనే ఆపేశాడు. పాతబడకముందే ఆపాలనుకున్నాడు, మనసు సినిమాల మీదికి మళ్ళింది. 1982లో ది డార్క్ క్రిస్టల్ వచ్చింది, 1983లో ఫ్రాగుల్ రాక్ అనే కొత్త బొమ్మల టీవీ షో మొదలైంది.

హెన్సన్ పోయాక కెర్మిట్ గొంతు ఎవరిది? దానిమీద అంత గొడవేమిటి?

హెన్సన్ 1990 మే 16న న్యూయార్క్‌లో హఠాత్తుగా చనిపోయాడు. బాక్టీరియా వల్ల వచ్చిన తీవ్రమైన ఇన్‌ఫెక్షన్. వయసు 53. తన అంత్యక్రియలకి ఎవరూ నల్లబట్టలు వేసుకోవద్దని, జాజ్ బ్యాండ్ ఉండాలని ముందే ఉత్తరం రాసి పెట్టుకున్నాడు. అలాగే చేశారు.

ఆ ఏడాది చివర్లోనే స్టీవ్ విట్‌మైర్ కెర్మిట్‌ని చేతికి తొడుక్కున్నాడు. 2016 దాకా ఆయనే. 2017 నుంచి మాట్ వోగెల్. పిగ్గీ, ఫాజీ, యానిమల్‌లని ఓజ్ వదిలేశాక ఎరిక్ జేకబ్‌సన్ చేస్తున్నాడు. గాంజో మాత్రం మొదటి నుంచి ఇప్పటిదాకా డేవ్ గోల్జ్ చేతిలో ఉన్నాడు.

గొడవ దేని గురించంటే, ఇవి కార్టూన్ బొమ్మలు కావు. ఒకరు గీసి ఇంకొకరు గొంతిచ్చేవి కావు. కదలిక, గొంతు, నవ్వే సమయం, తడబాటు అన్నీ ఒకే మనిషివి. కెర్మిట్ ఓపిక హెన్సన్ ఓపికే అని ఆయనతో పనిచేసినవాళ్ళు చెబుతారు. రాత్రీ పగలూ పిచ్చివాళ్ళ గుంపుని నెట్టుకొచ్చిన మేనేజర్ పాత్రని, నిజంగా అదే పని చేస్తున్న మనిషి ఆడించాడు. కాబట్టి గొంతు పోలిక ఎంత బాగా కుదిరినా మనిషి మారాడని తెలిసిపోతుంది. విట్‌మైర్ కెర్మిట్ కొంచెం మెత్తన, వోగెల్ కెర్మిట్ కొంచెం హుషారు. 26 ఏళ్ళు చేసినవాణ్ణి తీసెయ్యడం సరికాదని ఒక వర్గం, పాత్ర మనిషి కంటే పెద్దదని ఇంకో వర్గం. పాత్రని పెట్టెలో పెట్టి తాళం వేయడం కంటే ఎవరో ఒకరు ఆడించడం మేలని నా పక్షం. కానీ హెన్సన్ ఎపిసోడ్ చూసిన మర్నాడే కొత్తది చూడకండి, అన్యాయం చేసినట్టవుతుంది.

పాత ఎపిసోడ్లలో పాటలు ఎందుకు కత్తిరించారు? ముందు ఆ హెచ్చరిక ఏమిటి?

వెరైటీ షో కాబట్టి ప్రతి ఎపిసోడ్ నిండా ఇతరుల పాటలే. 1970లలో టీవీ ప్రసారానికి తీసుకున్న హక్కులు డీవీడీకి, స్ట్రీమింగ్‌కి పనికిరావు, ఒక్కో పాటకీ మళ్ళీ బేరం. డీవీడీలు మూడు సీజన్లతోనే ఆగిపోయాయి. 2021 ఫిబ్రవరిలో డిస్నీ ప్లస్‌లో 5 సీజన్లూ పెట్టినప్పుడు కూడా కొన్ని పాటలు, 2 ఎపిసోడ్లు లేవు.

హెచ్చరిక వేరే సంగతి. ఇతర జాతులవాళ్ళని, దేశాలవాళ్ళని ఎగతాళిగా చూపిన స్కిట్లున్న 18 ఎపిసోడ్ల ముందు అది వస్తుంది. దీనిమీద చిర్రుబుర్రులాడేవాళ్ళున్నారు. ఒక్క ముక్క కూడా తీసెయ్యకుండా ముందో మాట చెప్పి వదిలేశారు, అదే నయం. పాటలు కత్తిరించడం మీద చూపించాల్సిన కోపం దీనిమీద చూపిస్తున్నారు.

మన తోలుబొమ్మలాటకీ దీనికీ సంబంధం ఉందా?

చరిత్ర పరంగా లేదు. పని తీరులో కొన్ని కలుస్తాయి. అక్కడా ఆడించేవాళ్ళే పాడతారు, మాట్లాడతారు. రామాయణం గంభీరంగా నడుస్తుంటే మధ్యలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క దూరిపోయి మోటు సరసాలాడి జనాన్ని నవ్విస్తారు. ఆ రాత్రంతా ప్రేక్షకులు నిద్రపోకుండా కూర్చునేది చాలావరకు వాళ్ళ కోసమే. మప్పెట్ షో తేడా ఏమిటంటే రాముణ్ణి తీసేసి కేతిగాళ్ళతోనే మొత్తం నడిపించింది. తోలుబొమ్మలు దగ్గరగా చూడాలంటే శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంట వెళ్ళండి. 2020లో పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావు గారిది ఆ ఊరే.

తర్వాత వచ్చిన సిరీస్‌లు చూడవచ్చా?

1996 నాటి మప్పెట్స్ టునైట్ అక్కడక్కడా బాగుంటుంది. 2015లో ఆఫీసు డాక్యుమెంటరీ తరహాలో వచ్చినది ఒక్క సీజన్‌తో ఆగింది. అందరినీ మరీ చేదుగా మార్చేశారు. 2023లో డాక్టర్ టీత్ బ్యాండ్ మీద వచ్చిన ది మప్పెట్స్ మేహెమ్ మాత్రం తప్పక చూడాల్సిందే, యానిమల్ కోసమైనా.

చివరిగా, గాంజో అసలు ఏ జంతువు?

పాత షోలో చెప్పలేదు. పక్షి అని కొందరు, ఏదో ఒకటి అని కెర్మిట్. 1999 సినిమాలో గ్రహాంతరవాసి అని తేల్చేశారు. చాలామంది అభిమానులు ఆ సినిమా రానట్టే మాట్లాడతారు, నేనూ అంతే.

అంతకంటే చూడాల్సింది వాడి కళ్ళు. మొదటి సీజన్‌లో రెప్పలు సగం వాలిపోయి దీనంగా ఉంటాడు. డేవ్ గోల్జ్ హ్యూలెట్ ప్యాకార్డ్‌లో డిజైనర్ ఉద్యోగం చేసి, బొమ్మలు తయారుచేయడానికి వచ్చినవాడు. నటించడం కొత్త, బెరుకు. ఆ బెరుకే గాంజోకి పట్టుకుంది. రెండో సీజన్‌కి రెప్పలు పైకి లేచే ఏర్పాటుతో కొత్త తల చేశారు. దాంతో వాడికి ఉత్సాహమొచ్చింది, గోల్జ్‌కి ధైర్యమొచ్చింది. టైటిల్ పాట చివర వాడు బాకా ఊదడం చూసే ఉంటారు. ఏ వారమూ సరిగ్గా మోగదు, ప్రతిసారీ కొత్త ప్రమాదం జరుగుతుంది. టైటిల్స్ దాటేసే అలవాటుంటే ఇక్కడ మానుకోండి.